బండ కింది ఇల్లు, ఒంటి మీది చార

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తుంటే రోడ్డు ఎక్కడా నిలకడగా ఉండదు. ఎక్కుతుంది, దిగుతుంది, ఉన్నట్టుండి ఓ బండను చుట్టుకుని మలుపు తిరుగుతుంది. ఆ ఎత్తుపల్లాలన్నీ గ్రానైటువి. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. సినిమావాళ్లు ఇక్కడికి వచ్చింది నిన్నగాక మొన్న. 1976లో అన్నపూర్ణ స్టూడియో ఈ కొండల అంచున రాళ్ల మధ్య లేచింది. ఆ తర్వాత రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్, వాటి చుట్టూ ఫిల్మ్‌నగర్ పెరిగాయి. అంతకుముందు నుంచీ ఇక్కడ కాపురం ఉంటున్నవాళ్లు తేళ్లు, ఉడుతలు, తొండలు, కట్లపాములు. సినిమా పనివాళ్ల గొప్పతనం రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను మాత్రం ఈ పాత కాపురస్తుల పనితనం గురించి చెప్పాలనుకుంటున్నాను. నా ఉద్దేశంలో ఒంటి మీద చార గీయడంలోనూ, రాతి సందులో ఇల్లు కట్టుకోవడంలోనూ వీటికి సాటి వచ్చే చెయ్యి లేదు.

రాయెత్తితే తేలు అంటారు. కానీ ఏ రాయి పడితే ఆ రాయి కాదు. మన బండలు తయారయ్యే తీరు తెలిస్తే తేలు ఎక్కడ ఉంటుందో చూడకుండానే చెప్పొచ్చు. భూమి లోపల ఎంతో బరువు కింద గట్టిపడ్డ గ్రానైటు, పైనున్న మట్టీ రాయీ కొట్టుకుపోయాక, బరువు తీరి కొద్దిగా ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు పైభాగానికి సమాంతరంగా పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లలోకి వాననీరు దిగి, రాతిలోని ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది. మూలలకు అన్ని వైపులా నీరు తగులుతుంది కాబట్టి ముందు మూలలే కరుగుతాయి, బండ గుండ్రమవుతుంది. పగలు కాగి రాత్రి చల్లారి, ఉల్లిపొర లేచినట్టు పలకలు లేస్తాయి. లేచిన పలక ఊడి పడిపోదు. ఏళ్ల తరబడి, శతాబ్దాల తరబడి తల్లిబండకు ఆనుకునే ఉంటుంది. రెంటి మధ్య మిగిలే సందు వేలు మందమో, అంతకన్నా తక్కువో. ఆ సందే తేలు చిరునామా.

మే నెల మధ్యాహ్నం చెయ్యి ఆనించలేనంత కాలే బండ మీద కూడా ఆ సందు లోపల నీడ, ఎంతో కొంత చెమ్మ నిలుస్తాయి. పైన ఎండ ఎంత మండినా లోపలి వేడి నెమ్మదిగా పెరుగుతుంది, నెమ్మదిగా తగ్గుతుంది. చలికాలం రాత్రి బయట వణుకు పుట్టినప్పుడు, పగలంతా కాగిన రాయి లోపల ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. పైకప్పూ గోడా తానై, తాపమూ తానే సర్దిపెట్టే ఇల్లు ఇది. తేలు చేసేదల్లా తనకు సరిపోయే సందును ఎంచుకోవడం. ఆ ఎంపికలోనే మొదటి పనితనం కనబడుతుంది. వీపూ పొట్టా రెండూ రాయికి తగిలేంత ఇరుకు సందును తేళ్లు ఇష్టపడతాయి. అంత ఇరుకులోకి తొండ గానీ, ముంగిస మూతి గానీ దూరదు.

ఈ రాతినేలలో తేళ్లు జాగాలు పంచుకున్న తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఎర్ర తేలుది చిన్న రాళ్ల అడుగు, ఇటుకల కుప్ప, కట్టెల మోపు, పాత ప్రహరీ గోడలోని పగులు. శాస్త్రజ్ఞులు దీన్ని హాటెన్‌టోటా తములస్ అంటారు. మనిషి ఇంటికి దగ్గరగా మసిలేది ఇదే. లైకస్ జాతి చిన్న తేళ్లు చెట్టు బెరడు కింద, ఎండుటాకుల కింద ఉంటాయి. ఐయోమాకస్ అనే దక్షిణాది తేలు ఒళ్లంతా అణిగిపోయి పలచగా ఉంటుంది. అది పుట్టిందే బండ సందు కోసం. ఇక మండ్రగబ్బ. నల్లగా, అరచెయ్యంత పొడుగుతో, ఎండ్రకాయ గోళ్లను తలపించే లావుపాటి పట్టుకొమ్మలతో భయపెట్టే ఈ పెద్ద తేలు రాతి సందుతో సరిపెట్టుకోదు. పెద్ద బండ మొదట్లో, ఎర్రమట్టి గట్టిగా ఉన్న చోట, తానే తవ్వుకుంటుంది. 2020లో శాస్త్రజ్ఞులు ఈ పెద్ద నల్ల తేళ్ల వర్గాన్ని తిరిగి విడదీసినప్పుడు అందులో ఒక ప్రజాతికి మన దక్కను పేరే పెట్టి డెక్కనోమెట్రస్ అన్నారు. అంత సొంతం వీటికి ఈ నేల.

మండ్రగబ్బ తవ్వే పని దగ్గరగా చూడదగ్గది. పట్టుకొమ్మలతో మట్టిని పెళ్లగిస్తుంది, ముందు కాళ్లతో వెనక్కి నెడుతుంది, గడ్డ పెద్దదైతే పట్టుకుని వెనక్కి నడుస్తూ బయటికి మోస్తుంది. గుమ్మం గుండ్రంగా ఉండదు. అడ్డంగా వెడల్పుగా, పైకప్పు కాస్త వంపు తిరిగి, సరిగ్గా తన ఒంటి అడ్డకొలతకు సరిపోయేట్టు ఉంటుంది. తేలు బొరియనూ ఎలుక బొరియనూ వేరు చేసి చెప్పేది ఆ గుమ్మమే. లోపలికి వెళ్లేకొద్దీ దారి నిటారుగా దిగదు, వంకర తిరుగుతూ దిగుతుంది. వంపు ఉన్నచోట వాననీరు నేరుగా అడుగుకు పోదు, వేడిగాలీ పోదు.

తేలు బొరియ లోపలి రూపాన్ని చూడాలని ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చేశారు. తేళ్లను ముందు బయటికి తీసి, ఖాళీ బొరియల్లోకి కరిగించిన అల్యూమినియం పోశారు. చల్లారాక మట్టిని తవ్వి ఆ పోతను బయటికి తీస్తే ఇంటి నమూనా మొత్తం చేతికొచ్చింది. ఆ బొరియలన్నిటిలోనూ ఒకే పద్ధతి. గుమ్మం దాటిన కాస్త దూరంలో చదునైన అరుగు. అక్కడి నుంచి వంపులు తిరుగుతూ కిందికి దిగే దారి. చివర చల్లగా చెమ్మగా ఉండే గది. అరుగు దేనికంటే, తేలు ఒంట్లో సొంత వేడి పుట్టదు. సాయంత్రం వేటకు వెళ్లే ముందు, పగటి ఎండకు కాగిన ఆ పైమట్టిలో నిలబడి ఒళ్లు కాచుకుంటుంది. బయటికి రాకుండా, పిట్ట కంట పడకుండా, గుమ్మంలో వేడి తెచ్చుకునే ఏర్పాటు. పగటి ఎండకు తాళలేనప్పుడు అడుగు గదికి దిగిపోతుంది. వేసవికీ చలికీ, పగటికీ రాత్రికీ వేర్వేరు గదులున్న ఇల్లు! మన మండువా ఇళ్ల మేస్త్రీలు కూడా గాలినీ నీడనూ ఇంతకన్నా బాగా లెక్క వేసి ఉంటారనుకోను.

ఇల్లు ఒక ఎత్తు, పనిముట్లు ఇంకొక ఎత్తు. తేలును వెల్లకిలా తిప్పి చూస్తే, నాలుగో జత కాళ్ల వెనక, పొట్ట మీద, పళ్లున్న రెండు చిన్న దువ్వెనల్లాంటి అవయవాలు కనబడతాయి. పెక్టిన్లు అంటారు. భూమ్మీద మరే జీవికీ ఇవి లేవు. నడుస్తూ నడుస్తూ వాటిని నేలకు తాకించి, ఇంతకుముందు ఇటుగా ఎవరు వెళ్లారో, ఆడ తేలు ఎటు వెళ్లిందో వాసన పడుతుంది. పట్టుకొమ్మల మీద పలచటి పొడుగు వెంట్రుకలు ఉంటాయి. ఎగిరే పురుగు రెక్క ఆడిస్తే కదిలే గాలి కూడా వాటిని వంచుతుంది. కాళ్ల చివర సన్నటి చీలికలున్నాయి. నేల అదిరితే పసిగట్టేది అవే. 1970లలో అమెరికా మొహావీ ఎడారిలో ఇసుక తేళ్ల మీద ఫిలిప్ బ్రౌనెల్ చేసిన పరిశీలనలు ఈ విషయంలో చెప్పుకోదగ్గవి. ఇసుకలో పురుగు కదిలితే ఆ అదురు ఎనిమిది కాళ్లకూ ఒకేసారి చేరదు. దగ్గరున్న కాలికి ముందు, దూరపు కాలికి తర్వాత, క్షణంలో వెయ్యో వంతుల తేడాతో చేరుతుంది. ఆ తేడాను బట్టి తేలు దిక్కు పట్టేసి తిరుగుతుంది. కళ్లతో పని లేదు. అన్నట్టు తేలుకు కళ్లు రెండు కాదు. వీపు మధ్యలో ఒక జత, పక్కల మరికొన్ని. ఇన్ని ఉన్నా అవి వెలుగు చీకట్లను పోల్చుకోవడానికే ఎక్కువ పనికొస్తాయి.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో 1960లలో నల్ల తేలు మీద జరిగిన పరిశోధనలు ఈ కథకు మన వైపు నుంచి అందిన గొప్ప చేర్పు. తేలు పొట్ట వెంట సాగే నాడీతంత్రిలో చురుకుదనం పొద్దుగూకాక పెరిగి, పగటిపూట తగ్గుతుందని ఆ పరిశోధనలు చూపించాయి. తేలు రాత్రి తిరగడం చీకటిని చూసి చేసే నిర్ణయం మాత్రమే కాదు, దాని నరాల్లోనే ఒక గడియారం నడుస్తోందన్నమాట.

పొదుపులోనూ దీనికి సాటి లేదు. ఒంటి పైతొడుగు మీద మైనపు పూత, నీరు ఆవిరి కాకుండా. వ్యర్థాన్ని దాదాపు పొడి పదార్థంగా విసర్జిస్తుంది. ఒకసారి కడుపునిండా తింటే నెలల తరబడి మళ్లీ తినకపోయినా ఊపిరి నిలుపుకుంటుంది. పిల్లల విషయంలో మాత్రం ఈ పొదుపు ఉండదు. గుడ్లు పెట్టి వదిలేసే జీవి కాదిది. నెలల తరబడి కడుపులో మోసి పిల్లల్ని కంటుంది. తెల్లగా మెత్తగా పుట్టిన పిల్లలు తల్లి కాళ్ల మీదుగా ఎక్కి వీపున చేరతాయి. మొదటి కుబుసం విడిచేదాకా అక్కడే. ఆ కొద్ది రోజులూ అవి ఏమీ తినవు, ఒంట్లో మిగిలిన పచ్చసొనతో బతుకుతాయి. మండ్రగబ్బల్లో కొన్ని జాతులు ఆ తర్వాత కూడా తల్లీ పిల్లలూ ఒకే బొరియలో కలిసి ఉంటాయి.

రాత్రిపూట ఇవన్నీ కంటితో చూడాలంటే ఒక సులువైన మార్గం ఉంది. అతినీలలోహిత టార్చి వేసి ఫిల్మ్‌నగర్ కొండవాలున ఏ ఖాళీ స్థలంలోనైనా ప్రహరీ మొదట్లోకి చూస్తే తేలు ఉంటే చాలు, పచ్చటి నీలికాంతితో వెలిగిపోతుంది. తోక కణుపులు అయిదూ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. చివరి విషపు బుడిపె, దాని కొనన వంపు తిరిగిన ముల్లు స్పష్టంగా కనబడతాయి. కొత్తగా కుబుసం విడిచిన తేలు మాత్రం వెలగదు. పైతొడుగు గట్టిపడేకొద్దీ వెలుగు వస్తుంది. చచ్చి ఏళ్ల తరబడి సీసాలో ఉన్న తేలు కూడా వెలుగుతూనే ఉంటుంది. ఈ వెలుగు తేలుకు దేనికన్న విషయంలో వాదాలు నడుస్తున్నాయి. తన ఒళ్లంతా ఒక కన్నులా వాడుకుని, నీడలోకి చేరానా లేదా అని తెలుసుకుంటుందన్నది అందులో ఒకటి. నాకు నచ్చినదీ అదే.

ముల్లు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ కూడా పనిముట్ల పంపకం ఉంది. పట్టుకొమ్మలు లావుగా తోక సన్నగా ఉన్న తేలు, వేటను నలిపి చంపగలదు కాబట్టి, విషం మీద పెద్దగా ఆధారపడదు. మండ్రగబ్బ అలాంటిది. కుడితే మంట పెడుతుంది, ప్రాణం తీసేది సాధారణంగా కాదు. పట్టుకొమ్మలు సన్నగా తోక లావుగా ఉందంటే బలమంతా విషంలో దాచుకుందని అర్థం. ఎర్ర తేలు అలాంటిది. చూడ్డానికి చిన్నది, భయపెట్టనిది, కానీ పిల్లల విషయంలో అత్యంత ప్రమాదకరం. దాని విషం గుండెనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన వైద్యుడు హిమ్మత్‌రావు బావస్కర్, రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మందును 1980లలో ఎర్ర తేలు కాటుకు వాడి ఎన్నో ప్రాణాలు నిలిపారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మంత్రం వేయించుకుంటూ కూర్చోకుండా పిల్లల్ని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

ఇక చారల సంగతి. తేలు ఇంటి పైకప్పు మీదే, అదే బండ మీద, పగటిపూట తిరిగేది ఉడుత. రాములవారి వేళ్లు తగిలి చారలు పడ్డాయని చిన్నప్పుడు విన్నాం. ఆ కథ ఎంత అందంగా ఉందో, ఆ చార తయారయ్యే తీరూ అంత అందంగా ఉంటుంది. రాలిన ఉడుత వెంట్రుక ఒకటి భూతద్దం కింద పెట్టి చూడండి. అది ఒకే రంగులో ఉండదు. మొదలు ఒక రంగు, మధ్యలో ఒక పట్టీ, కొన మళ్లీ వేరే రంగు. వెంట్రుక పెరిగేటప్పుడు చర్మంలోని రంగుకణాలు ఒకసారి నల్ల రంగు, ఇంకొకసారి పసుపెరుపు రంగు మార్చి మార్చి పోస్తాయి. అందుకే ఉడుత ఒళ్లు దూరం నుంచి బూడిదగా, దగ్గర నుంచి మట్టిరంగుగా కనబడుతుంది. మన గ్రానైటు కూడా అంతే. దూరం నుంచి చూస్తే బూడిద రంగు, దగ్గర నుంచి చూస్తే గులాబీ, నలుపు, తెలుపు పలుకులు. ఉడుత బండ మీద నిలబడి కదలకుండా ఉంటే కంటికి దొరకదు. దాని ఒంటి మీద మూడు లేత చారలు గీసి ఉంటాయి, తల వెనక నుంచి తోక మొదలు దాకా.

చారలు ఎలా పడతాయో 2016లో శాస్త్రజ్ఞులు ఆఫ్రికా చారల ఎలుకలో కనుక్కున్నారు. పిల్ల ఇంకా తల్లి కడుపులో ఉండగానే, వీపు మీద లేత చార పడాల్సిన చోట ఆల్క్స్3 అనే జన్యువు చురుగ్గా పనిచేస్తుంది. అది పనిచేసినచోట రంగుకణాలు పక్వానికి రావు. రంగు లేని వెంట్రుక మొలుస్తుంది. అంతే, చార పడింది! తెల్ల రంగు పోసింది ఎవరూ లేరు. రంగు వెయ్యకుండా వదిలేసిన చోటే చార అయింది. ఉత్తర అమెరికా చిప్‌మంక్‌ల చారల్లోనూ ఇదే జన్యువు పని కనబడింది. కోట్ల ఏళ్ల కింద విడిపోయిన రెండు వంశాలు, ఒకదాని నుంచి ఇంకొకటి నేర్చుకోకుండానే, ఒకే కిటుకు పట్టాయి. వాష్ చిత్రంలో కాగితం తెలుపును వదిలేసి వెలుగు చూపించే చిత్రకారుడికి ఈ పని విలువ బాగా తెలుస్తుంది.

పొడుగు చార పారిపోవడానికి కూడా పనికొస్తుంది. తిరువనంతపురంలోని ఐసర్ శాస్త్రవేత్తలు 2016లో ఒక ప్రయోగం ప్రచురించారు. తెరమీద కదిలే బొమ్మలను వేలితో కొట్టమని మనుషులకు చెప్పారు. ఒంటి ముందుభాగాన పొడుగు చారలున్న బొమ్మలను కొట్టబోతే దెబ్బలు వెనక భాగం మీద పడ్డాయి. చార కదులుతుంటే వేగాన్ని కన్ను తప్పుగా అంచనా వేస్తుందన్నమాట. బండల మధ్య పరుగెత్తే నలికండ్లపాముల్లో చాలావాటికి ఒంటిమీద పొడుగు చారలుంటాయి. పిల్లి పంజా వెనక్కి పడితే దానికి పోయేది తోక. అది మళ్లీ మొలుస్తుంది.

జూబ్లీహిల్స్‌లో ఇంకా ఖాళీగా ఉన్న స్థలాల్లో జిల్లేడు చెట్టు ఒక్కటైనా ఉంటుంది. ఆకు అడుగున వెతికితే నలుపు, తెలుపు పట్టీలు, పసుపు మచ్చలు, ఒంటిమీద మూడు జతల నల్లటి కొమ్ములున్న గొంగళిపురుగు దొరుకుతుంది. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల అది. దీని పట్టీలు దాక్కోవడానికి కాదు, నన్ను ముట్టుకోవద్దని చెప్పడానికి. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, పిట్టలు ఒకసారి రుచి చూసి జన్మలో మళ్లీ ముట్టవు. అయినా జిల్లేడు పాలు మరీ ఎక్కువైతే దానికీ ప్రమాదమే. నోరు అంటుకుపోతుంది. అందుకని ఆకు తినబోయే ముందు ఈనెను కొరికి పాలు కారిపోనిస్తుంది. పాలు ఆగాక, కొరికిన చోటుకు అవతలి భాగాన్ని తింటుంది. ఈనె కొరికే ఆ కాసేపు ఓపిగ్గా చూడగలిగితే, పనివాడితనం అంటే ఏమిటో అర్థమవుతుంది. తొందర లేదు, తప్పు లేదు.

రాత్రిపూట బండల మధ్య తిరిగే చారల జీవి ఇంకొకటుంది, కట్లపాము. నీలి నలుపు ఒంటిమీద సన్నటి తెల్ల కట్లు, చాలాసార్లు జతలు జతలుగా. మెడ దగ్గర అవి దాదాపు కనబడవు, తోక వైపు వెళ్లేకొద్దీ తేటపడతాయి. వెన్ను మధ్య వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దవి, ఆరుకోణాలవి. దీన్ని అచ్చంగా నకలు తీసిన విషం లేని పాము ఉంది, వుల్ఫ్ స్నేక్. మన ఇళ్లలోకి బల్లుల కోసం వస్తుంది. దాని కట్లు మాత్రం తిరగేసి ఉంటాయి, మెడ దగ్గర స్పష్టంగా, తోక దగ్గర మసకగా. నకలు ఎంత బాగున్నా ఆ తేడా చాలు. కానీ ఆ తేడా చూడ్డానికి పాము దగ్గరికి పోవద్దు. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, తెల్లారేసరికి ఊపిరి కండరాలు పడిపోతాయి. హైదరాబాదులో 1995 నుంచి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లను పిలిస్తే వచ్చి పామును పట్టుకుని, అడవిలో వదిలిపెడతారు.

చార అనగానే పులి గుర్తుకు రావాలి. ఫిల్మ్‌నగర్ అన్నాక అది మరీ తప్పదు. పులి నారింజ రంగు మనకు కళ్లు చెదిరేలా కనబడుతుంది గానీ జింకకు అలా కనబడదు. జింక కంట్లో ఎరుపు ఆకుపచ్చల తేడా పట్టే ఏర్పాటు లేదు. దానికి పులి ఆకుపచ్చగా, చారలు గడ్డి నీడలుగా కనబడతాయి. వెంట్రుకలు గొరిగినా చారలు పోవు, చర్మం మీదే ఉంటాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కుడివైపు చారలు ఎడమవైపు చారల్లా ఉండవు. అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యాల్లో కెమెరాలు జతలు జతలుగా, దారికి రెండు పక్కలా కడతారు కదా, కారణం అదే. ఒడిశా సిమ్లీపాల్‌లో చారలు కలిసిపోయి నల్లగా కనిపించే పులులున్నాయి. టాక్‌పెప్ అనే జన్యువులో వచ్చిన ఒక్క మార్పు వల్ల అలా అయ్యాయని 2021లో తేలింది. పెంపుడు పిల్లి చారలు మచ్చలుగా మారేదీ ఆ జన్యువులో మార్పుల వల్లే.

సినిమా పులి కథ వేరు. పులి, చిరుత, సింహం, ఎలుగు, కోతులకు శిక్షణ ఇచ్చి ఆడించడాన్ని కేంద్రం 1998 ప్రకటనతో నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పటి నుంచి తెరమీద పులి కనబడాలంటే కంప్యూటరులో తయారు కావాల్సిందే. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో కొమరం భీముతో తలపడే పులి అలా పుట్టిందే. ఆ చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ పర్యవేక్షణ వి. శ్రీనివాస్ మోహన్‌ది. ఇలాంటి పనిలో ముందు అస్థిపంజరం కట్టాలి, దాని మీద కండలు, కండల మీద జారే చర్మం, చర్మం మీద లక్షల వెంట్రుకలు. చార రంగు ప్రతి వెంట్రుకకూ మొదట్లోంచి అందాలి. పులి పంజా ఎత్తితే భుజం మీద చార సాగాలి, దించితే ముడుచుకోవాలి. రెండు వైపులకూ ఒకే బొమ్మను తిప్పి అంటిస్తే చూసేవాడికి ఎందుకో తెలియకుండానే నమ్మకం సడలుతుంది. అందుకే రెండో వైపు మళ్లీ మొదటి నుంచి గీయాలి. దసరాకీ పీర్ల పండక్కీ పులివేషం వేసే కళాకారుల ఒంటిమీద రంగు పూసేవాళ్లూ ఈ కిటుకు తెలిసినవాళ్లే. డొక్కల మీద ఎముక వాలును బట్టి చార వంచుతారు. వేషగాడు ఊపిరి పీల్చినప్పుడు ఆ చారలు కదులుతాయి.

పులికన్నా ముందు ఫిల్మ్‌నగర్ ఒక చిన్న చారల జీవిని హీరోను చేసింది. ఈగ ఛాతీ మీద నిలువుగా నాలుగు ముదురు చారలుంటాయి. ఇంటి ఈగను గుర్తుపట్టే ఆనవాలే అది. 2012లో రాజమౌళి ఈగ తీసినప్పుడు మకుట వీఎఫ్ఎక్స్ బృందానికి ఎదురైన చిక్కు వేరే. ఈగ ముఖమంతా కళ్లే, అవి కదలవు, రెప్ప లేదు, పెదవి లేదు. కాబట్టి కోపమూ బాధా మొత్తం ముందు కాళ్ల మీద, తల వాలు మీద, రెక్క విదిలింపు మీద పెట్టారు. ఆ పనికి జాతీయ అవార్డు దక్కింది. నిజమైన పురుగును దగ్గరగా, ఓపిగ్గా చూసినవాళ్లు మాత్రమే అలా చేయగలరు.

అంత ఓపికతో చూడాల్సినవి మన కళ్ల ముందు బండ మీదే ఉన్నాయి, కానీ బండలే తగ్గిపోతున్నాయి. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ హుడా ఒకప్పుడు వారసత్వ సంపదగా గుర్తించిన తొమ్మిది రాతి కూర్పుల్లో మూడు ఈ చుట్టుపక్కలవే. ఫిల్మ్‌నగర్ దగ్గరి మాన్‌స్టర్ రాక్, జూబ్లీహిల్స్ ఒబెలిస్క్, బ్లూ క్రాస్ పక్కనున్న టోడ్‌స్టూల్. 1996లో ఏర్పడ్డ సొసైటీ టు సేవ్ రాక్స్ ఇన్నేళ్లుగా ఈ బండల కోసం పోరాడుతోంది. 1998లో జాతీయ ఉద్యానవనమైన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులో ఇంచుమించు 390 ఎకరాల్లో ఆ పాత రాతినేల మిగిలింది. మిగతా చోట్ల సెల్లారు కోసం బండను పేల్చితే, శతాబ్దాల పాటు లేచి నిలిచిన పలకలు ఒక్క మధ్యాహ్నంలో కంకరైపోతాయి. తేలు సిమెంటు గోడ పగులుకైనా సర్దుకుంటుందని కొందరంటారు. ఎర్ర తేలు సర్దుకుంటుంది. మండ్రగబ్బ సర్దుకోదు. అంటే మనం బండలు తీసేస్తే మిగిలేది ప్రమాదం తక్కువ తేలు కాదు, ఎక్కువ ఉన్నదే.

కాబట్టి ఇల్లు కట్టుకునేవాళ్లకు నాదొక విన్నపం. స్థలంలో బండ ఉంటే ఒక మూలనైనా ఉండనివ్వండి. బండను లోపల పెట్టుకుని కట్టిన ఇళ్లు ఈ కొండల్లోనే ఉన్నాయి, ఆర్కిటెక్టును అడిగితే చూపిస్తారు. రాత్రి ఆవరణలో చెప్పులు లేకుండా నడవకండి, ఉదయం బూట్లు దులిపి తొడుక్కోండి, ఇటుకల కుప్ప ఇంటి గోడకు ఆనించి పెట్టకండి. తేలు కనబడితే గాజు గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, దూరంగా రాళ్లలో వదలండి. పార్కులో పిల్లలకు చూపించడానికి రాయి ఎత్తాల్సి వస్తే, మీ వైపు ఉన్న అంచును నేలమీదే ఉంచి, అవతలి అంచును కర్రతో లేపండి. చూశాక ఎత్తిన రాయిని అదే చోట, అదే వైపు కిందికి వచ్చేలా పెట్టండి.